రెండో తాళంచెవి

మా కారుకి తాళంచెవులు రెండు. ఒకటి నాది. అది వంటింటి తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. రెండోది కర్ట్ దగ్గర, అతని తాళాల గుత్తిలో ఉంటుంది. రెండేళ్ళ క్రితం దాకా కర్ట్ నా భర్త. ఇప్పుడు ఇక్కడికి యాభై మైళ్ళ దూరంలో, గ్రీన్ బేలో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాడు.

విడాకుల కాగితాలు రాసేటప్పుడు మధ్యవర్తి మా వస్తువుల జాబితా పైకి చదివింది. ఇల్లు నాకు. పికప్ ట్రక్కు, పడవ, చలికాలం సరస్సు గడ్డకట్టాక దాని మీద పెట్టుకునే చేపలు పట్టే గుడిసె అతనికి. కారు నాకు. కారు దగ్గరికి వచ్చేసరికి కర్ట్ గొంతు సవరించుకుని, "నా దగ్గరున్న కీ నాకే ఉండనివ్వండి, అవసరానికి. రేపు పిల్లకి ఏదైనా అయితే?" అన్నాడు. నా లాయరు నా మోచేతి మీద వేలితో తట్టింది. నేను సరేనన్నాను. మధ్యవర్తి కళ్ళజోడు తీసి, ఇంత పెద్ద మనసు ఈ గదిలో అరుదుగా చూస్తామంది.

అది పెద్ద మనసు కాదు. ఆ తాళంచెవి కారు తలుపులు తెరుస్తుందే తప్ప కారుని స్టార్ట్ చెయ్యదని నాకు తెలుసు.

అదెలాగంటే, కర్ట్ ఇల్లు వదిలి వెళ్ళిన ఆ వసంతంలో పడవ దించే రేవు దగ్గర తన తాళంచెవిని తనే తొక్కాడు. పైన ప్లాస్టిక్ డొప్ప పగిలింది. పోస్టులో కొత్త డొప్ప తెప్పించి, వంటింటి బల్ల మీద వెన్న రాసే కత్తితో పాతది విప్పి, లోపలున్న పచ్చ పలకనీ బ్యాటరీనీ ఇనప కాడనీ కొత్త దాంట్లోకి మార్చాడు. మీట నొక్కితే గరాజ్‌లో కారు కుయ్‌మంది. తృప్తిగా చేతులు దులుపుకుని, పాత డొప్ప బల్ల మీదే వదిలేసి లేచాడు. తుడవడానికి వెళ్ళి చూస్తే దాని మూలన ఒక గాడిలో బియ్యపు గింజంత నల్లటి ముక్క ఇరుక్కుని ఉంది. కారుతో వచ్చిన పుస్తకం తీసి చదివాను. కారు గుర్తుపట్టేది ఆ ముక్కనే. అది లేని తాళంచెవి ఇగ్నిషన్‌లో తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు.

కర్ట్ ఎప్పుడూ తన ట్రక్కే నడిపేవాడు. కారు తలుపు తీసేది మా అమ్మాయి లినేయా స్కేటింగు సంచీ కోసమే. అందుకని అతనికి తెలియలేదు. పొద్దున్న చెబుదాం అనుకున్నాను. పొద్దున్న మేము వేరే సంగతి మాట్లాడుకోవలసి వచ్చింది. వారం తిరిగేసరికి అతను వెళ్ళిపోయాడు. ఆ డొప్పని చిన్న ప్లాస్టిక్ సంచీలో వేసి, 'కర్ట్ కారు కీ, పాత డొప్ప, చిప్ లోపలే ఉంది' అని చీటీ రాసి, తేదీ వేసి, చిల్లర సామాన్ల సొరుగులో పెట్టాను. ఆ తరవాత దాని గురించి ఎవరికీ చెప్పలేదు.

అతను చీటికీ మాటికీ ఆ తాళంచెవి పేరెత్తేవాడు. మంచు తుఫాను వస్తోందంటే ఫోన్ చేసి, "నా దగ్గర కీ ఉందిగా, కావాలంటే వచ్చి కారు తీస్తాను," అనేవాడు. "సరే, కర్ట్," అనేదాన్ని.

ఈ మే నెలలో లినేయాకి పదహారు నిండాయి. లైసెన్సు వచ్చింది.

వారం విడిచి వారం శుక్రవారం సాయంత్రం ఆరింటికి మేము కకానా దగ్గర పెట్రోలు బంకులో కలుస్తాం. అది రెండు ఊళ్ళకీ సరిగ్గా మధ్యన ఉంటుంది. నేను గాలి కొట్టే మర పక్కన ఆపుతాను. అతను ఐసు అమ్మే పెట్టె పక్కన ఆపుతాడు. లినేయా నా కారు దిగి, సంచీ భుజాన వేసుకుని, నలభై అడుగులు నడిచి అతని ట్రక్కు ఎక్కుతుంది. మేమిద్దరం స్టీరింగు మీదనుంచి ఒక్కో చెయ్యి ఎత్తుతాం. ఆదివారం సాయంత్రం ఇదే పని అటు నుంచి ఇటు.

"ఇకనించి నేనే నడుపుకుంటూ వెళ్తాను," అంది లినేయా. "మీరిద్దరూ రానక్కర్లేదు."

"మన దగ్గరున్నది ఒక్కటే కీ," అన్నాను. "ఉన్న ఒక్కదాన్నీ ఊరు దాటనివ్వను. అది గ్రీన్ బేలో పోతే కారుని తాళ్ళు కట్టి లాక్కురావాలి. నీకంటూ వేరే కీ ఉంటే వెళ్ళు."

అది సబబైన మాటే. చెప్పినప్పుడు నాకూ సబబుగానే వినిపించింది.

తండ్రిని అడిగింది. "అది అవసరానికే తల్లీ, నువ్వు వేరేది చేయించుకో," అన్నాడట. నా కూతురు మారు మాట్లాడకుండా ఇరుగుపొరుగు పిల్లల్ని కనిపెట్టుకుని సంపాదించిన డబ్బుతో ఒక కొత్త తాళంచెవి తెప్పించింది. ఇనప సామాన్ల కొట్టులో దాని కాడ కోయించింది. దాన్ని ఇంట్లోనే కారుకి నేర్పించే పద్ధతి వెతికి, కాగితం మీద అచ్చు వేసుకుని వచ్చింది. నేను బల్ల దగ్గర రూబార్బ్ కాడలు తరుగుతున్నాను.

"విను," అంది. "మొదటి పాత కీ పెట్టి తిప్పాలి. మూడు సెకన్లు ఆగి తియ్యాలి. పది సెకన్ల లోపల రెండో పాత కీ పెట్టి అలాగే తిప్పి తియ్యాలి. మళ్ళీ పది సెకన్ల లోపల కొత్తది పెట్టాలి. ఎర్ర దీపం మూడు సెకన్లు నిలకడగా వెలిగి ఆరిపోతే కారు దాన్ని ఒప్పుకున్నట్టు."

"రెండు పాతవి ఎందుకు?"

"దొంగకి ఒకటి దొరుకుతుందేమో గానీ రెండూ దొరకవు కదా. నాన్న శనివారం పదింటికి వస్తానన్నాడు."

ఆ మాట అనేటప్పుడు దాని మొహం చూశాను. రెండేళ్ళుగా ఆ నలభై అడుగులు నడుస్తూ ఒక్కసారి కూడా ఏమీ అనని పిల్ల అది. కత్తి పక్కన పెట్టి సొరుగు తెరిస్తే ఆ క్షణమే పని అయిపోయేది. కానీ ముక్కతో పాటు రెండేళ్ళ మౌనం కూడా బయటికి వస్తుంది. తెరవకపోతే శనివారం తాళంచెవి పని చెయ్యదు, అందరూ కొత్తదాన్ని తిట్టుకుంటారు, శుక్రవారాలు మామూలుగా సాగుతాయి. నన్ను ఎవరూ ఏమీ అడగరు. నేను మిగతా కాడలు తరిగేశాను.

శనివారం కర్ట్ పదికి అయిదు నిమిషాల ముందే వచ్చాడు. చేతిలో తెల్లటి అట్టపెట్టె, అందులో క్రింగిల్ అనే పెకాన్ పలుకుల తీపి రొట్టె ఉంది. మా వైపు ఎవరింటికైనా వట్టి చేతులతో వెళ్ళరు, అది పాత ఇల్లైనా సరే. గడ్డి మీద పెట్టె పట్టుకుని నిలబడిన అతన్ని పక్కింటి వెర్నా గారు మొక్కల కంచె కత్తిరిస్తూ చూసింది. ఆవిడకి డెబ్భై తొమ్మిది.

"ఏం కర్ట్, మళ్ళీ కాపురానికొచ్చావా?"

"లేదండీ, మీ గడ్డి కొయ్యడానికొచ్చాను."

"నువ్వు కోసినన్నాళ్ళూ నా పెరడు గుండు కొట్టించుకున్నవాడి తలలా ఉండేది. ఊరికే చెప్పకు, ఏం పని మీద వచ్చావు?"

"కారు కీ చేస్తున్నాం, లినేయాకి."

"అదృష్టవంతురాలు. మావాడు నా కీ లాక్కుని ఆర్నెల్లయింది. ఎక్కువైతే నాకొకటి చేసి పెట్టండి."

లినేయా స్టీరింగు ముందు కూర్చుంది. కర్ట్ పక్క సీట్లో కూర్చుని, గుత్తినుంచి తన తాళంచెవి తీసి సిద్ధంగా పట్టుకున్నాడు. నా తాళంచెవి, కొత్తది, రెండూ లినేయా ఒళ్ళో ఉన్నాయి. నేను కిటికీ పక్కన నిలబడ్డాను.

"అమ్మా, నువ్వు టైము చూడు," అంది లినేయా. "సెకన్లు పైకి చెప్పు."

నేను గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని లెక్కపెట్టాను.

మొదటిసారి కర్ట్ తాళంచెవి అందించబోతే సీట్ల సందులోకి జారిపోయింది. దాన్ని తీసేసరికి పద్నాలుగు సెకన్లయింది. రెండోసారి అన్నీ వేళకి జరిగాయి. ఎర్ర దీపం గబగబా కొట్టుకుంది.

"నువ్వు మూడు సెకన్లు ఆగలేదు," అన్నాడు కర్ట్.

"ఆగాను. అమ్మా, ఆగానా?"

"ఆగావు," అన్నాను.

"అయితే మెల్లిగా తిప్పావు. ఇటు జరుగు, నేను చూస్తాను. మంచులో పడవ మోటారు తిప్పిన చెయ్యి ఇది."

"ఆ మోటారు చివరికి కొట్టువాడే కదా నాన్నా తిప్పింది."

"వాడికి చూపించింది నేనే."

వాళ్ళు సీట్లు మారారు. మూడోసారి కూడా దీపం గబగబా కొట్టుకుంది. నాలుగోసారీ అంతే. కర్ట్ కొత్త తాళంచెవిని ఎండకెత్తి చూసి, ఇలాంటి చవకబారు సరుకు ఆన్‌లైన్లో కొంటే ఇంతేనన్నాడు. కొట్టువాడు కాడ సరిగ్గానే కోశాడని, తలుపు తాళంలో తిరుగుతోందని లినేయా అంది. అయిదోసారి నేను సెకన్లు ఇంకా స్పష్టంగా చెప్పాను. మళ్ళీ దీపం కొట్టుకుంది.

లినేయా కాగితం మళ్ళీ మొదటినుంచి చదివింది.

"నాన్నా, నీ కీతో కారు స్టార్ట్ అవుతుందా?"

"ఎందుకవదు?" అంటూ మీట నొక్కాడు. కారు కుయ్‌మంది. "చూశావా?"

"తలుపులు కాదు. ఇంజను."

అతను తాళంచెవి పెట్టి తిప్పాడు. దీపం కొట్టుకుంటూ ఉంది, ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. లినేయా నా తాళంచెవి ఇచ్చింది. దానితో కారు వెంటనే స్టార్ట్ అయింది. దాన్ని ఆపి మళ్ళీ తనదే పెట్టాడు. అందుకోలేదు.

"కర్ట్, బ్యాటరీ తిరగేసి పెట్టావేమో చూడు," అంది వెర్నా గారు కంచె మీదనుంచి. "నా టీవీ రిమోటుకి అలాగే అయింది."

అతను జేబు కత్తితో డొప్ప విప్పాడు. బ్యాటరీ సరిగ్గానే ఉంది, పచ్చ పలకా ఉంది. మూలన గాడి మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద వేలిగోరు ఆనించి, "ఇక్కడ ఏదో ఉండాలి కదా," అన్నాడు.

లినేయా ఫోనులో వెతికింది. "చిప్ ఉండాలట. డొప్ప మార్చినప్పుడు చాలామంది దాన్ని పాత డొప్పలోనే వదిలేసి పారేస్తారట. నువ్వు మార్చావా?"

"మార్చాను."

"పాతది?"

"పారేశాను," అన్నాడు కర్ట్. విప్పిన ముక్కలు రెండూ అరచేతిలో పెట్టుకుని చూశాడు. "అంటే ఇన్నాళ్ళూ నా దగ్గరున్నది..." అని ఆగిపోయాడు. మంచు తుఫానులప్పుడు చేసిన ఫోన్లన్నీ గుర్తొచ్చాయేమో. చెవులు ఎర్రబడ్డాయి.

ఎవరూ నా వంక చూడలేదు. గడియారం మళ్ళీ చేతికి పెట్టుకున్నాను.

లినేయా కొత్త తాళంచెవిని అది వచ్చిన కవరులోనే పెట్టింది. అంచు మడిచి అంటించింది. కారు అరలోంచి కలం తీసి, కవరుని మోకాలి మీద ఆనించి, 'మూడో కీ, పని అవలేదు' అని రాసింది. కింద తేదీ వేసి, దాని కింద గీత గీసింది.

"సరే నాన్నా," అంది. "శుక్రవారం కకానా దగ్గరే కలుద్దాం."

నిష్ఠూరం ఏమీ లేకుండా అంది. నేను ఆ గీతనే చూస్తూ ఉండిపోయాను. తేదీ కింద గీత గీసే అలవాటు నాది.

ఇంట్లోకి వెళ్ళి సొరుగు తెరిచాను. రబ్బరు బ్యాండ్లు, పుట్టినరోజు కొవ్వొత్తులు, ఏ తాళానివో తెలియని నాలుగు చెవులు, వాటి వెనక ఆ సంచీ కనిపించాయి. తెచ్చి కారు బానెట్ మీద పెట్టాను.

కర్ట్ కారు దిగి వచ్చి చీటీ చదివాడు. ఇంకోసారి చదివాడు.

"ఏప్రిల్ పంతొమ్మిది," అన్నాడు.

"అవును."

"ఏ సంవత్సరమని అడుగుదామనుకున్నాను. అదీ రాశావు."

నేను సంచీని అతని వైపు జరిపాను.

"ఆ గదిలో సంతకం పెట్టినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"ఆవిడ నిన్ను పొగిడింది."

"పొగిడింది."

"నేను కూడా థాంక్స్ చెప్పాను జానిన్."

"చెప్పావు."

అతను సంచీని వేలితో అటూ ఇటూ తిప్పాడు. "నాకు చెప్పొచ్చు కదా?"

"చెబితే ముక్క తీసి వేసుకునేవాడివి."

"వేసుకునేవాణ్ణి."

"వేసుకుని ఏం చేసేవాడివి?"

కర్ట్ వేలు సంచీ మీద ఆగింది. "ఏం లేదు," అన్నాడు. "నా దగ్గరుండేది, అంతే."

లినేయా కారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. నా మీదనుంచి చూపు తిప్పలేదు.

"అమ్మా, ఇందాక అయిదుసార్లు టైము చూశావు."

"చూశాను."

"సెకన్లు కూడా సరిగ్గా చెప్పావు."

కంచె దగ్గర కత్తెర చప్పుడు ఆగిపోయింది. వెర్నా గారు మా వైపు వీపు తిప్పి, ఇంతకుముందే కత్తిరించిన చోట చేత్తో ఆకులు దులిపింది.

కర్ట్ పాత డొప్పలోంచి నల్ల ముక్కని కత్తి మొనతో లేపి, కొత్త దాని గాడిలో పెట్టాడు. అది కాస్త వదులుగా ఉంటే నేను లోపల్నించి టేపు తెచ్చి ఇచ్చాను. అతను పళ్ళతో టేపు తుంచాడు. లినేయా కవరు చించి, స్టీరింగు ముందు కూర్చుంది.

"టైము నేనే చూసుకుంటాను," అంది నాతో.

నా తాళంచెవి పెట్టి తిప్పింది. పెదాలు కదుపుతూ మూడు లెక్కపెట్టి తీసింది. కర్ట్ తనది అందించాడు, ఈసారి జారనివ్వలేదు. దాన్నీ తిప్పి తీసింది. తరవాత కొత్తది పెట్టింది. ఎర్ర దీపం వెలిగి, అలాగే నిలిచి ఆరిపోయింది. లినేయా ఇంకాస్త తిప్పేసరికి ఇంజను అందుకుంది.

అది అద్దం సరిచేసుకుంది, సీటు ముందుకి జరుపుకుంది. తరవాత నా తాళంచెవినీ కర్ట్ తాళంచెవినీ కిటికీలోంచి ఇచ్చేసి, "ఒక చుట్టు తిరిగొస్తాను," అంది. ఇద్దరం వెనక్కి జరిగాం. వీధి చివర ఆగి, ఎవరూ రావడం లేదని రెండుసార్లు చూసుకుని, కుడివైపు తిరిగింది.

కర్ట్ ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద క్రింగిల్ పెట్టె తెరిచాడు. నేను వంటింట్లోంచి కత్తి తెచ్చి ముక్కలు కోశాను. ముందు వెర్నా గారికి కంచె మీదుగా ఒకటి అందించాం.

"పిల్లకి కోపంగా ఉంది," అన్నాడు.

"ఉండాలి."

"నీ మీద."

"నీ మీద కూడా. నీ కీ అడిగితే ఇవ్వలేదుగా."

అతను నవ్వలేదు గానీ కాదనలేదు. తిన్న చేతులు తుడుచుకుని, తన తాళంచెవి మళ్ళీ విప్పాడు. టేపు ఊడబెరికి, నల్ల ముక్కని బయటికి తీసి పాత డొప్పలో వేశాడు. డొప్పని సంచీలో పెట్టి, గాలి పోయేలా నొక్కి, మూత బిగించి నాకిచ్చాడు.

"ఉన్నచోటే పెట్టు."

"మరి కీ?"

"నా దగ్గరుంటుంది." దాన్ని గుత్తికి తగిలించుకున్నాడు. "తలుపులైతే తీస్తుంది కదా."

లినేయా వచ్చేదాకా ఆగి, దాని భుజం తట్టి వెళ్ళాడు.

ఆ సాయంత్రం సంచీ సొరుగులో పెట్టేముందు చీటీ మీద పాత తేదీ కింద కొత్త తేదీ రాశాను. లినేయా నీళ్ళు తాగడానికి వచ్చి నా వెనక నిలబడి చూసింది.

"నాన్న సంతకం కూడా పెట్టించాల్సింది," అని గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

శుక్రవారం అయిదూ ఇరవైకి బయల్దేరింది. ఏ దారి తీసుకోవాలో, ఎక్కడ రోడ్డు పని జరుగుతోందో నేను చెప్పబోయి మానేశాను. వెర్నా గారు గుమ్మంలో నిలబడి, "పిల్లా, దారిలో ఎవరైనా అడిగితే కారు నాదని చెప్పు," అంది. ఆరు గంటలప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. కకానా బంకులో గాలి కొట్టే మర పక్కన ఈ వేళకి ఇంకెవరైనా ఆపి ఉంటారు. ఆరూ ఇరవై రెండుకి ఫోను మోగింది. లినేయా కాదు, కర్ట్.

"వచ్చేసింది," అన్నాడు. "సరిగ్గా పార్కింగు గీతల మధ్యన ఆపింది. కీ లోపలే పెట్టి తలుపు లాక్ చేసింది."

"మరి?"

"నేను తీశాను," అన్నాడు.

ఫోను పెట్టేసి, పొయ్యి కట్టేశాను. కొక్కేనికి నా తాళంచెవి వేలాడుతోంది.